గడువు తీరని బొమ్మ

నోటీసు బోర్డు మీది కాయితాన్ని చించేస్తే దాని పని అంతటితో సరి. వెబ్‌సైటులో పెట్టిన బొమ్మ సంగతి అలా కాదు. చూసిన ప్రతివాడి ఫోనులోకీ ఒక నకలు దిగిపోతుంది. అక్కడ అసలు మారినా ఇక్కడ నకలు మారదు. ఈ చిన్న ముక్క దగ్గరే మొన్న పరీక్షల ముందు మా హాస్టలు హాస్టలంతా రెండు పార్టీలుగా చీలిపోయింది.

టైంటేబులుని బొమ్మగా వెబ్‌సైటులో పెట్టారు. తరవాత లెక్కల పేపరు ఒకరోజు ముందుకు జరిపి, అదే పేరుతో కొత్త బొమ్మ పెట్టారు. పాతది చూసి ఉన్నవాళ్లకి గురువారం, కొత్తగా చూసినవాళ్లకి బుధవారం!

"నా ఫోన్లో గురువారమే ఉందిరా, కావాలంటే చూడు" అని ఒకడు. "కళ్లు పెట్టుకు చూడు, బుధవారం" అని ఇంకొకడు. ఆఫీసులో అడిగితే "మేం మార్చేశాం బాబూ, మీ ఫోన్లే బాగోలేవు" అన్నారు. తమాషా ఏమిటంటే, ఎవరికి కనిపించింది వాళ్లు నిజమే చెబుతున్నారు.

ల్యాబులో కూచుని ఎఫ్-12 మీట నొక్కి, ఆ బొమ్మతో వచ్చిన హెడర్లు చూశాను. హెడరంటే మరేం లేదు, పార్సిలు మీద అంటించే చీటీ లాంటిది. సరుకుని ఎన్నాళ్లు దాచుకోవచ్చో సర్వరు దాని మీదే రాసి పంపుతుంది. క్యాష్-కంట్రోల్ అన్న వరసలో మాక్స్-ఏజ్ 31536000 అని ఉంది. అవి సెకన్లు, అంటే సరిగ్గా 365 రోజులు! కాలేజీ చిహ్నానికి ఆ గడువు లక్షణంగా సరిపోతుంది. పేజీ చురుగ్గా తెరుచుకుంటుంది, డేటా కలిసొస్తుంది. కాని టైంటేబులునీ చిహ్నాన్నీ ఒకే గాటన కట్టేశారు. గడువు తీరేదాకా బ్రౌజరు సర్వరుని అడగనే అడగదు. అడగనివాడికి ఎవరు మాత్రం ఏం చెబుతారు?

ల్యాబు మాష్టారు ఆ వరసని నో-క్యాష్ అని మార్పించారు. పేరు చూసి "దాచుకోవద్దు" అనుకుంటాం గాని, దాని అర్థం "దాచుకో, వాడే ముందు ప్రతిసారీ నన్నడుగు" అని. అసలు దాచొద్దనాలంటే నో-స్టోర్ అనాలి. బ్రౌజరు తన దగ్గరున్న ఈట్యాగ్ గుర్తు చూపించి అడిగితే, బొమ్మ మారని పక్షంలో సర్వరు 304 అని జవాబిచ్చి ఊరుకుంటుంది. బొమ్మని మళ్లీ మోయక్కర్లేదు.

అయినా పాత ఫోన్లలో గురువారం గురువారంగానే ఉంది. ఏడాది దాకా అడగక్కర్లేదని సర్వరు ముందే మాటిచ్చేసింది మరి! చివరికి బొమ్మ పేరు మార్చి, పేజీలో లింకు మార్పించాం. పేజీకి అంత గడువు లేదు గనక కొత్త పేరు వెంటనే అందింది. పేరు కొత్తదైతే బ్రౌజరుకి అది కొత్త బొమ్మే.

మరి తేదీ మనసులో పెట్టుకుని ఊళ్లకి వెళ్లిపోయినవాళ్లో? వాళ్లు మళ్లీ పేజీ తెరవరు కదా! ఆ రాత్రి మెస్సులో జాబితా రాసుకుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేశాం. మా గదివాడు గురువారం తెల్లారేసరికి దిగేలా బస్సు టిక్కెట్టు కొనుక్కుని కూచున్నాడు. స్కాలర్‌షిప్ మీద చదివేవాడు, ఆ ఒక్క పేపరు పోతే వాడి పరిస్థితి ఏమిటి?

వచ్చే ఏటి యూనియన్ మిత్రులకి ఒకటే మనవి. టైంటేబులు బొమ్మ పెట్టేటప్పుడు ఫైలు పేరులో తేదీ చేర్పించండి. పరీక్ష తేదీయే మారితే మాత్రం, ఊళ్లో ఉన్నవాళ్లకి ఫోను చెయ్యడం మరవకండి.