పసివాని ఊపిరి

మంచిర్యాల జిల్లా కాసిపేటలో ఒక గని కార్మికుని యింట రెండేండ్ల బాలుడుండెను. చలిరాత్రులందు వాని రొమ్మున పిల్లికూతలు వినవచ్చెడివి. ఊపిరి పీల్చినప్పుడెల్ల పక్కటెముకల సందులు లోనికి గుంజుకొనిపోవుచుండగా, తల్లి వానిని భుజముపై వేసికొని తెల్లవార్లు తిరుగుచుండెడిది. మృగశిరకార్తెనాడు హైదరాబాదులో చేపమందు మ్రింగింపవలెనని నాయనమ్మ పట్టుపట్టెను. అంత పసిగొంతులోనికి బ్రతికిన చేపపిల్లయా! తల్లి యొప్పుకొనలేదు.

వైద్యుడు పీల్చు మందు వ్రాసియిచ్చెను. డబ్బాను నొక్కినంతనే మందు తుంపరగా వెలువడును. ఇట్టి సాధనము 1956లో అమెరికాలో అమ్మకమునకు వచ్చినది. నొక్కుటయు పీల్చుటయు ఒక్కసారే జరుగవలెను. పెద్దలకే కుదురని పని పసివాని కెట్లు కుదురును? అందులకై డబ్బాకు స్పేసరను గొట్టమును, దానికి మెత్తని మాస్కును తగిలింతురు. తుంపర గొట్టములో నిలిచియుండగా బిడ్డ తన తీరున పీల్చుకొనును.

అయినను గుణము కనబడలేదు. మాస్కును చూడగానే బాలుడు పెనుగులాడి యేడ్చెడివాడు. తల్లి చేతులు పట్టగా, నాయనమ్మ మాస్కు నదిమి డబ్బా నొక్కెడిది. ఏడ్చునప్పుడు నోరు తెరచును గనుక మందు బాగుగా పోవునని ఆమె నమ్మకము. నిజమునకు ఏడ్చు బిడ్డ చాలసేపు ఊపిరి విడుచుచు, నడుమ గభాలున పీల్చును. ఊపిరితిత్తులకు చేరునది బహు స్వల్పము.

ఒకనాడు మొదటి షిఫ్టు ముగించి వచ్చిన తండ్రి దీనిని చూచెను. అతనికి చదువు తక్కువే గాని గాలి సంగతి తెలియును. గనిలో ఫ్యాను నడపు గాలి, తలుపులు మళ్లించిన దారిని పోయి బొగ్గు తీయుచోటికి చేరవలెను. ఒక్క తలుపు తెరచియుండిన అడ్డదారిన పోవును, పనివారి కందదు.

"అమ్మా, బుగ్గవద్ద సందున్నది. మందంతయు అందుండియే పోవుచున్నది," అనెను.

మరునాడు తల్లి మాస్కును ఆటవస్తువుగా బిడ్డ చేతికిచ్చెను. మొదట నిర్మల్ కొయ్యచిలుకకు తొడిగి, పిమ్మట తన ముఖమున పెట్టుకొని నవ్వెను. నాలుగవనాటికి బాలుడు తానే ముఖము చాచెను. ముక్కును నోటిని సందులేకుండ కప్పి, డబ్బా నాడించి, ఒకసారి నొక్కి, ఆమె ఊపిరులను లెక్కించెను: ఒకటి, రెండు... ఆరు. వైద్యుడు చెప్పినట్లు కొంత ఆగి మరియొకసారి. గొట్టమును సబ్బునీట కడిగి, గుడ్డతో తుడువక ఆరబెట్టెడిది. తుడిచిన ప్లాస్టిక్కునకు విద్యుదావేశము కలిగి మందు గోడల కంటుకొనును.

గొట్టము కొనలేనివారి మాట యేమి? దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ వైద్యులు అరలీటరు ప్లాస్టిక్ సీసాతో దానిని తయారుచేసి, ఉబ్బసపు పిల్లలకు కొన్న గొట్టమువలెనే పనిచేయునని 1999లో ప్రకటించిరి. పారవేయు సీసా!

ఆ చలికాలముననే ఒక రాత్రి కూత విని నాయనమ్మ ఉలికిపడి లేచి, మనుమని రొమ్మున చెవి యానించెను. వాడు హాయిగా నిద్రించుచుండెను. గోడమీద నిజమైన పిల్లి కూర్చుండి యున్నది.