తలకు 50 ఎకరాలు

మా ఊరు బందరు. 20 ఏళ్లుగా ఉంటున్నది వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్. ఈ రెండు ఊళ్లకూ నా ఉద్యోగం కంటే పాత చుట్టరికం ఉందని జేమ్స్‌టౌన్ చూసొచ్చాకే తెలిసింది.

జేమ్స్‌టౌన్ మా ఇంటికి గంట ప్రయాణం. 1607 మే నెలలో మూడు ఓడల్లో వచ్చిన 104 మంది ఇంగ్లీషు మగవాళ్లు, కుర్రాళ్లు అక్కడే కోట కట్టుకున్నారు. ఆ ఓడల నమూనాలు ఇప్పుడు నది ఒడ్డున నిలిపి ఉన్నాయి. లోపలికి దిగి, వంచిన నడుం ఎత్తకుండా కాసేపు నిలబడ్డాను. ఈ ఇరుకులో నాలుగు నెలలు సముద్రం మీద గడపాలంటే వెనక ఎంత ఇబ్బంది, ముందు ఎంత ఆశ ఉండాలి!

మా అబ్బాయి బడిలో వేసిన బొమ్మ కింద ‘వాళ్లు స్వేచ్ఛ కోసం వచ్చారు’ అని రాసుకొచ్చాడు. 1620లో ప్లిమత్ చేరిన వారిలో చాలామందికి అది వర్తిస్తుంది, వాళ్లది మతం గొడవ. వర్జీనియాకు మనుషుల్ని పంపింది మాత్రం లండన్‌లోని ఒక వ్యాపార కంపెనీ. బంగారం వెతకండి, అవతలి సముద్రానికి దారి కనుక్కోండి అని చెప్పి మరీ పంపింది. అవతలి సముద్రం అంటే తూర్పు దేశాల సరుకు. ఆ వర్జీనియా కంపెనీని పదేళ్లు నడిపిన థామస్ స్మిత్ ఈస్టిండియా కంపెనీకీ పెద్దే. అతని హయాంలోనే 1611లో గ్లోబ్ అనే ఓడ మా బందరు రేవుకు వచ్చింది, అద్దకం బట్టల బేరానికి. మా తీరంలో కొనుగోలు, ఇక్కడ ఆక్రమణ. రెండు లెక్కలూ ఒకే పెద్దమనిషి ముందుకు వెళ్లేవి.

బంగారం దొరకలేదు. 1609-10 చలికాలంలో ఆకలికి, రోగాలకు అప్పటికి ఉన్న మూడువందల మందిలో అరవై మందే మిగిలారు. తర్వాత జాన్ రోల్ఫ్ అనే వలసదారు పొగాకు పండించాడు, లండన్‌లో ధర పలికింది. పొగాకు సంగతి గుంటూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. నారు, నాటు, తలలు తుంచడం, ఆరబెట్టడం, అన్నీ చేతి పనే. కూలీలు కావాలి. అందుకని 1618లో కంపెనీ ఒక రూలు పెట్టింది. ఓడ చార్జీ ఎవరు భరిస్తే వారికి, తెచ్చిన తలకు 50 ఎకరాలు. వచ్చింది కూలీ, భూమి ఆసామిది.

ఎవరొచ్చారు? ఊరుమ్మడి బీళ్లకు గొర్రెల కోసం కంచెలు పడి బతుకు పోయినవాళ్లు. ఆస్తంతా పెద్దకొడుక్కే వెళ్లే చట్టం వల్ల చేతిలో ఏమీ లేని తమ్ముళ్లు. లండన్‌లో పని దొరకని కుర్రాళ్లు. ఆ శతాబ్దంలో ఈ వైపుకు వచ్చిన తెల్లవాళ్లలో సగానికి పైగా నాలుగు నుంచి ఏడేళ్లు పనిచేస్తామని కాగితం రాసిచ్చినవాళ్లే. చాలామంది ఆ గడువు తీరకముందే చనిపోయారు.

నా మొదటి ఉద్యోగంలో నేనూ బాండు రాసిచ్చాను. డిగ్రీ సర్టిఫికెట్లు రెండేళ్లు ఆఫీసు బీరువాలోనే ఉన్నాయి. ఆ రోజుల దిగులు నాకింకా గుర్తే. అయినా నన్ను ఆ కూలీలతో పోల్చుకోను. వాళ్లు పారిపోయి దొరికితే కొరడా దెబ్బలు పడేవి, గడువు పెరిగేది. 1619లో పట్టి తెచ్చిన ఆఫ్రికన్లకైతే ఓడ ఎక్కడానికే ఇష్టాయిష్టాలు లేవు.

1635 నాటి భూమి దస్తావేజులో జార్జ్ మెనిఫీ అనే ఆసామి తెచ్చిన తలల జాబితా ఉంది. అందులో ఒక పేరు: టోనీ, ఈస్టిండియన్. అతని ఊరూ లేదు, తల్లి పెట్టిన పేరూ లేదు. ఈ నేలమీద మనవాళ్ల వలస సాఫ్ట్‌వేర్‌తో మొదలైందనుకునే నేను ఆ రెండు మాటల దగ్గర చాలాసేపు ఆగిపోయాను. అతని తలకూ 50 ఎకరాలు లెక్కే. అతనికి కాదు.

ఆ ఎకరాలు ఖాళీవీ కావు. పౌహాటన్ అనే నాయకుడి ఏలుబడిలో ముప్ఫై దాకా తెగలు ఆ నదుల వెంట మొక్కజొన్న పండించుకునేవి. పొగాకు కొన్నేళ్లలోనే నేల సారం పీల్చేస్తుంది, కొత్త చేను కావాలి. అడవి నరకడం కంటే వాళ్లు చదును చేసుకున్న చేలు లాక్కోవడం తేలిక. 1622లో వాళ్లు తిరగబడి 347 మందిని చంపారు. ఆ తర్వాత దశాబ్దాల యుద్ధం, భూమి ఇంగ్లీషువాళ్లది.

మా అబ్బాయి బొమ్మ కింద ఇంకో వాక్యం చేర్పించాను: ‘చాలామంది భూమి కోసం, పని కోసం వచ్చారు. ఆ భూమి వేరేవాళ్లది.’

రిచ్‌మండ్‌లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. థాంక్స్‌గివింగ్ ముందు బుధవారం పిల్లల్ని గవర్నర్ బంగళా దగ్గరికి తీసుకెళ్లండి. ఆ తెగల్లోవే అయిన పముంకీ, మట్టపొనైల వాళ్లు ఇంగ్లీషువాళ్లతో 1677లో చేసుకున్న ఒప్పందాన్ని నిలబెట్టుకుంటూ, పన్నుకు బదులుగా వేటాడిన జింకను తెచ్చి ఇప్పటికీ గవర్నరుకు అప్పగిస్తారు.