పదిగంటల పూలు

పొద్దున పది గంటలకు ఠంచనుగా హాజరై, మధ్యాహ్నం దాటగానే తలుపులు మూసేసుకునేది ఎవరంటే మీరు ఏ ఆఫీసు పేరో చెబుతారు. నేను చెప్పేది కామారెడ్డిలో మా ఇంటి గోడవారన చాపలా పాకిన పూల సంగతి. పదిగంటల పూలనండి, గడ్డిగులాబీ అనండి, టేబుల్ రోజా అనండి, అన్నీ దాని పేర్లే. మబ్బు పట్టిందో, ఆ రోజు సెలవే!

దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1829లో హుకర్ అనే శాస్త్రజ్ఞుడు దానికి నామకరణం చేశాడు. మన ఎండలు దానికి అత్తారిల్లంత కూడా అనిపించవు. వేలెడంత కొమ్మ తుంచి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చితే బతుకుతుంది. కావలసిన నీళ్లు ఆకుల్లోనే దాచుకుంటుంది. ప్రేమకొద్దీ బిందెడు గుమ్మరించారో, వేరు కుళ్లి చస్తుంది.

ఎల్లారెడ్డిలో ఉండే మా అత్తగారికి ఇది బొత్తిగా గిట్టదు. "తినరాదు, తలల పెట్టుకోరాదు, మాపటిదాంక సుత ఉండవు. ఎందుకు బిడ్డా గీ చెట్లు?" అంటారు. ఆవిడ వాకిట్లో జాలారి పక్కన ఎవరూ నాటకుండానే గంగవాయిలి మొలుస్తుంది. నిజానికి రెండూ అక్కచెల్లెళ్లే. దీని ఆకు సూదిలా గుండ్రన, దాని ఆకు వెడల్పు; దాని పువ్వు పచ్చగా, ఆవగింజకి అన్నలా ఉంటుంది. ఆ ఆకుతో ఆవిడ వండే పుల్లటి పప్పు ముందు నా నవలలన్నీ దిగదుడుపే. అందులో ఒమేగా-3 ఉందటండీ అని చెబితే, "గందుకే గంత రుచి!" అన్నారు.

కిందటి వానాకాలం ఆవిడ ఆ వాకిట్లోనే జారి పడ్డారు. మావారు వెళ్లి తీసుకొచ్చారు. ఇక్కడా జారకుండా వాకిలంతా గరుకుబండలు పరిపించాలని మేస్త్రీతో కొలతలు కూడా వేయించారు. 2016లో జిల్లా కేంద్రమయ్యాక మా ఊళ్లో మట్టి కనబడితే జనానికి అదో అప్రతిష్ఠ. అత్తగారు మాత్రం, "మన్ను లేని ఇంట్ల నాకు పానం నిమ్మళముండది. నన్ను ఎల్లారెడ్డి బస్సెక్కించుండ్రి" అని మూట సర్దారు. కొడుకు భయం కొడుకుది, ఎవరిని తప్పుపట్టను?

ఆ మూటలో గంగవాయిలి గింజలున్న సంగతి మొదటి వానకి గానీ తెలియలేదు. నా పూలమధ్యే చల్లేశారు! నిన్న పీట వేసుకుని, ఒడినిండా ఆకు కోసుకుంటూ, నా తీగల్ని ఒక్కొక్కటే పక్కకి జరుపుతున్నారు.

"వీటికి నీళ్లు సుత వద్దు పాపం, ఎండుంటే సాలు" అన్నారు.

మావారు విన్నారు. గోడవారన రెండు మూరలు వదిలెయ్యమని మేస్త్రీకి ఫోన్ చేశారు. ఎల్లుండి వస్తాడట. ఈలోగా మూడు మూరలకి బేరం పెడదామని చూస్తున్నాను.