ఆ ఊరి పీత, మన ఊరి రొయ్య

విదేశాలకు వెళ్ళివచ్చినవారిని మనవాళ్ళు ‘ఏమేమి చూశారు’ అని అడుగుతారు గాని ‘ఏమేమి తిన్నారు’ అని అడగరు. అడిగినా ‘అక్కడ మన భోజనం దొరుకుతుందా’ అన్నంతవరకే. నా మటుకు నాకు, ఒక దేశాన్ని చదవడానికి కళ్ళకన్న నాలుకే నమ్మదగిన సాధనమనిపిస్తుంది. మా అమ్మాయి కాపురం మేరీల్యాండు రాష్ట్రంలో. ఉద్యోగవిరమణ తరువాత మూడు పర్యాయాలు నేనూ మా ఆవిడా అక్కడికి వెళ్ళి నెలల తరబడి ఉన్నాము. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే తావుకు చేరువలో పుట్టి పెరిగినవాణ్ణి కనుక (తెలుగు పండితుడు చేపలు తినవచ్చునా అని సందేహించే మిత్రులకు ఒక నమస్కారం!), ఏ నీటి ఒడ్డుకు పోయినా ఆ నీటిలో ఏమి పెరుగుతుంది, దానిని ఆ ఊరివారు ఎలా వండుకుంటారు అన్నదే నా మొదటి ప్రశ్న. దానికి సరియైన జవాబు చెప్పే భోజనశాలను పరదేశంలో వెతికి పట్టుకోవడం చిన్న విషయమేమీ కాదు.

అమెరికాలో ‘స్టేకు, సీఫుడ్’ అని జంటగా పేరు పెట్టుకున్న భోజనశాలలు ఎటు చూసినా కనిపిస్తాయి. స్టేకు విషయంలో నాది శ్రోత పాత్ర మాత్రమే. గొడ్డుమాంసం నేను తినను. తినే అల్లుడి పక్కన కూర్చుని విన్నది చెబుతాను. అక్కడి వ్యవసాయశాఖ మాంసానికి ప్రైమ్, ఛాయిస్, సెలెక్ట్ అంటూ తరగతులు కడుతుంది. కండలో కొవ్వు ఎంత సన్నగా అల్లుకొని ఉంటే అంత పైతరగతి. ‘ఇది ఏ తరగతి, ఎన్నాళ్ళు మాగబెట్టారు’ అని అడిగినప్పుడు నీళ్ళు నమిలే చోట తినరాదని మా అల్లుడి సూత్రం. నాకు రుచించింది మాత్రం ఆ మాట పుట్టుక. ప్రాచీన నార్సు భాషలో ‘స్టైక్’ అంటే పుల్లకు గుచ్చి కాల్చిన మాంసమట. శూలానికి గుచ్చి కాల్చినదానిని మన అమరకోశం శూల్యమంటుంది, భటిత్రమనీ అంటుంది. ఆ సాయంకాలం అల్లుడు శూల్యం తింటుంటే నేను ఉడికించిన బంగాళాదుంప తింటూ ఈ సంగతి చెప్పాను. పాపం, ఓపికగా విన్నాడు.

ఇక నీటి సంగతి. మేరీల్యాండును నిలువునా చీల్చుకుంటూ చెసపీక్ అఖాతం ఉన్నది. పొడవు సుమారు 320 కిలోమీటర్లు. సస్కెహన్నా మొదలైన నదుల మంచినీరు, అట్లాంటిక్ ఉప్పునీరు అందులో కలుస్తాయి. మన నరసాపురం దిగువన గోదావరి నీటిని నోట పోసుకున్నవారికి ఆ రుచి ఎలాంటిదో చెప్పనక్కరలేదు. ఆ నీటి ప్రసాదమే నీలిపీత. దాని శాస్త్రీయనామం కాలినెక్టెస్ సాపిడస్. మొదటి మాట గ్రీకు, రెండవది లాటిను. ‘అందంగా ఈదేది, రుచిగలది’ అని అర్థం. 1896లో ఆ పేరు పెట్టిన మేరీ రాత్‌బన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆ పీతను తప్పక తినే ఉంటుందని నా విశ్వాసం. తినని మనిషి శాస్త్రగ్రంథంలో ‘రుచిగలది’ అని వ్రాయగలదా!

ఈ పీతకోసం మేము మొదట వెళ్ళినది జనం కిటకిటలాడే ఒక పెద్ద భోజనశాలకు. పేరు చెప్పను. అక్కడి జాబితాలో ‘మేరీల్యాండ్ శైలి పీతవడ’ అని ఉన్నది. శైలి అన్న మాట దగ్గర తెలుగు పండితుడు ఆగకుండా ఎలా ఉంటాడు? పోతన శైలిలో పద్యం వ్రాసినవాడు పోతన కాడు గదా! అమ్మాయిచేత అడిగించాను. పీత ఇండొనేషియాది, డబ్బాలో వచ్చింది. శైలి మాత్రం మేరీల్యాండుది. అబద్ధమేమీ లేదు, జాబితాలో అక్షరం అక్షరం నిజమే. అంగళ్ళలో అమ్మే చేపకు, రొయ్యకు ఏ దేశానిదో చీటీ అంటించాలని అమెరికాలో 2005 నుంచి నిబంధన ఉన్నది గాని, అది భోజనశాలలకు వర్తించదు. ఈ తికమక చూసే కాబోలు, సొంత రాష్ట్రపు పీతమాంసం వాడే భోజనశాలలను గుర్తించడానికి మేరీల్యాండు ప్రభుత్వం 2012లో ‘ట్రూ బ్లూ’ అనే ముద్రను ప్రవేశపెట్టింది. నవ్వుకోనక్కరలేదు. ఒడిశానుంచి మంచుపెట్టెలో వచ్చిన చేప గోదావరి వంతెన దగ్గర పులస అయిపోవడం మనమెరుగనిదా?

ఆ తరువాత నేను వెతికే పద్ధతి మార్చాను. బసలో ఉన్నవారిని, టాక్సీవారిని అడగడం మాని, గాలాలు, ఎరలు అమ్మే దుకాణంవారిని అడగసాగాను. 1952లో కట్టిన అఖాతపు వంతెన దాటి తూర్పుతీరానికి పోతే అలాంటి దుకాణాలు కనిపిస్తాయి. అక్కడ పీతలకు ఎర కోడిమెడలు. ఆ మాట విన్నప్పుడు నాకు పరదేశంలో ఉన్నాననిపించలేదు. మా కాలువగట్టున పిల్లలు దారానికి కట్టి వదిలేది కూడా కోడి తుక్కే. దుకాణంలోని పెద్దాయనను ‘మీ ఇంటికి చుట్టాలొస్తే ఎక్కడ తినిపిస్తారు’ అని అడిగించాను. ‘మంచి హోటలేది’ అని అడిగితే ఊరివాడు పరాయివాడికి తగిన చోటు చెబుతాడు. చుట్టాల మాటెత్తితే తన చోటు చెబుతాడు. ఆయన చెప్పినది పడవలరేవు పక్కన రేకుల కప్పు కింద నాలుగు వరుసల బల్లలు. బోర్డు మీద పేరు సగం చెరిగిపోయింది.

అటువంటి చోట బల్లమీద గుడ్డ ఉండదు, గోధుమరంగు కాగితం పరుస్తారు. పళ్ళెం కూడా ఉండదు. ఆవిరిమీద ఉడికించిన పీతలను, ఎర్రని మసాలా పొడి పొరలు కట్టి ఉండగానే, కాగితం మీద గుమ్మరిస్తారు. చేతికొక కొయ్యసుత్తి, ఒక చిన్న కత్తి. ధర జాబితాలో అచ్చువేసి ఉండదు, ఆనాటి ధర పలకమీద సుద్దతో వ్రాస్తారు. డజనుల లెక్కన అమ్ముతారు. మగదాన్ని జిమ్మీ అంటారు, ముదురు ఆడదాన్ని సూక్ అంటారు. పొట్టకింది మడతను చూసి గుర్తుపడతారు: మగదానికది వాషింగ్టను స్మారకస్తంభంలా సన్నగా నిక్కి ఉంటుంది, ఆడదానికి అక్కడి శాసనసభాభవనం గుమ్మటంలా వెడల్పుగా ఉంటుంది. మా ఆవిడకు ఈ పాఠం అవసరం లేకపోయింది. చెప్పేవాడు నోరు తెరవకముందే తిప్పిచూసి పక్కన పెట్టేసింది.

ఆ మసాలా కథ వినదగినది. ఓల్డ్ బే అనే ఆ పొడిని కూర్చినవాడు గుస్టావ్ బ్రన్ అనే జర్మను యూదుడు. హిట్లరు పాలనలో బుకెన్‌వాల్డ్ నిర్బంధశిబిరం అనుభవించి, బయటపడి బాల్టిమోరు చేరి, టోకు చేపలబజారుకు ఎదురుగా సుగంధద్రవ్యాల వ్యాపారం పెట్టాడు. ఈనాడు ఆ రాష్ట్రపు గుర్తుగా చెలామణి అవుతున్న రుచి ఒక శరణార్థి తిరగలినుంచి వచ్చినది. చాలా పీతలశాలల్లో వాడేది మాత్రం అది కాదని, జె.ఓ. అనే మరొక పొడి అని ఊరివాళ్ళు గొంతు తగ్గించి చెబుతారు. మనవాళ్ళు ఆవకాయ కొలతలు చెప్పేటప్పటి గొంతు అది.

నమ్మదగిన చోటుకు నేను గమనించిన మరొక గుర్తు, వాళ్ళు ‘లేదు’ అనగలగడం. వసంతంలో వెళ్ళినప్పుడు ఆ పెద్దమనిషే ‘ఇవి లూయిసియానానుంచి వచ్చినవి, మావి ఇంకా కండపట్టలేదు, సెప్టెంబరులో రండి’ అని పంపేశాడు. చలికి మట్టిలో దాగబోయే ముందు పీత కండ కూడగట్టుకుంటుంది. ఆల్చిప్పల విషయంలో వాళ్ళకొక అక్షరసూత్రం కూడా ఉన్నది: ఇంగ్లీషు పేరులో ‘ఆర్’ అక్షరం ఉన్న నెలల్లోనే తినాలట. అంటే మే మొదలు ఆగస్టు వరకు నిషేధం. ఇప్పుడు పెంపకం వచ్చి ఆ సూత్రానికి మునుపటి బలం లేదు. అయినా మృగశిర కార్తెకు చేప, వరదనీటికి పులస అని లెక్కవేసుకునే జాతివాణ్ణి, నెల పేరులో అక్షరం చూసి ఆకలిని ఆపుకునేవారిని మెచ్చుకోకుండా ఎలా ఉండను?

2025 సెప్టెంబరులో మళ్ళీ వెళ్ళాము. డజను పీతలు చెప్పాక మనవడు రొయ్యలు కావాలన్నాడు. వడ్డించే అమ్మాయి నిజాయితీగా, ‘మీరు మా ఊరివే అడుగుతున్నారు కనుక చెబుతున్నాను, రొయ్యలు ఇక్కడివి కావు, ఇండియావి. వద్దనుకుంటే మానేయండి’ అన్నది.

అమెరికాలో తినే రొయ్యల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా దిగుమతి సరుకేనని, అందులో భారతదేశపు వాటాయే పెద్దదని, దానిలోనూ మన ఆంధ్ర చెరువులదే అగ్రస్థానమని ఆమెకు తెలియదు. అసలీ వనామీ రొయ్య మనది కూడా కాదు. మెక్సికోనుంచి పెరూదాకా ఉన్న పసిఫిక్ తీరం దాని పుట్టిల్లు. 2009లో మనదేశంలో పెంపకానికి అనుమతి వచ్చింది, ఆపైన మా పొలాలు చెరువులయ్యాయి. వరి పోయిందని, ఊరి మంచినీళ్ళు ఉప్పనయ్యాయని ఎన్నో సభల్లో నేనే మాట్లాడాను. ఇప్పటికీ నా అభిప్రాయం అదే. కాని ఆ చెరువుల గట్లమీద రాత్రుళ్ళు ఏరేటర్ల చప్పుడు వింటూ మేలుకునేవారు నా దగ్గర శతకపద్యాలు అప్పజెప్పిన పిల్లలు. ఆ ఆగస్టులోనే అమెరికా సుంకం యాభై శాతానికి పెరిగింది. ధర పడిపోయిందని, నెలన్నర పంటనే పట్టేశానని అంతకు వారం ముందే ఒకడు ఫోను చేశాడు. పీత విషయంలో ‘పైదేశపుది’ అని మొహం తిప్పుకున్న నేను, ఈ మాట విని ఏ మొహం పెట్టను?

నేను ఆలోచిస్తూండగానే మా ఆవిడ, ‘తెమ్మనవే, మన పిల్లలవి’ అన్నది అమ్మాయితో.

వచ్చాయి. పీతలమీద చల్లిన పొడే వాటిమీదా చల్లారు. ఆ రాత్రి ఆ పిల్లవాడికి ఫోను చేసి సంగతి చెప్పాను. ‘ఎలా ఉంది మాస్టారూ మన రొయ్య?’ అన్నాడు.

‘బాగానే ఉందిరా, ఉప్పు కాస్త ఎక్కువ వేశారు’ అన్నాను.