400 పసుపు పెట్టెల కింద

న్యూజెర్సీలో రూట్ 1 మీద నేను రోజూ ఆఫీసుకి పోతాను. ఆ దారిలో నార్త్ బ్రన్స్‌విక్ దగ్గర ఒక టెక్నాలజీ సెంటర్ ఉంది. అందులోనే రట్గర్స్ విశ్వవిద్యాలయం వారి వైర్‌లెస్ పరిశోధనశాల విన్‌ల్యాబ్ ఉందని మా మేనల్లుడు చెప్పేదాకా నాకు తెలియదు. వాడు రట్గర్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడు. "ఒకసారి రా మామయ్యా, నీకు నచ్చుతుంది. లోపలికి రాగానే పైకి చూడు" అన్నాడు.

చూశాను. పెద్ద హాలు. పైకప్పు నుంచి పసుపు రంగు పెట్టెలు వేలాడుతున్నాయి. వరసకి 20 చొప్పున 20 వరసలు, మొత్తం 400. పెట్టెకీ పెట్టెకీ మధ్య దూరం ఒక్క మీటరు. ప్రతి పెట్టే ఒక కంప్యూటర్, దానికి యాంటెన్నాలు. దీని పేరు ఆర్బిట్. రేపటి వైర్‌లెస్ నెట్‌వర్కుల మీద ప్రయోగాలు చేసుకోవడానికి అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో 2003లో పని మొదలుపెట్టారు. 2005లో పరిశోధకులకి తెరిచారు.

అక్కడ నిలబడగానే నా ఇంజనీరింగ్ చివరి సంవత్సరం గుర్తొచ్చింది. నలుగురం కలిసి హాస్టల్ వరండాలో ల్యాప్‌టాప్‌లు పెట్టి, వాటి మధ్య డేటా ఎంత వేగంగా పోతోందో కొలిచేవాళ్ళం. రాత్రి వచ్చిన అంకె పొద్దున వచ్చేది కాదు. ఎవరైనా తలుపు వేసినా, బకెట్ పట్టుకుని అడ్డంగా నడిచినా లెక్క మారిపోయేది. వైవాకి వచ్చిన ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒకే ప్రశ్న అడిగారు: "ఇంకొకళ్ళు చేస్తే ఇదే ఫలితం వస్తుందా?" మా నలుగురి దగ్గరా జవాబు లేదు. ఆ ప్రశ్న ఇన్నేళ్ళుగా నన్ను వదల్లేదు.

మేనల్లుడు బల్ల మీద విప్పిపెట్టిన పాత పెట్టె ఒకటి చూపించాడు. మొదటి తరానిది. 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 20 జీబీ డిస్కు, రెండు వైఫై కార్డులు. వాడు వేలు పెట్టి చూపించింది మాత్రం పక్కనున్న చిన్న బోర్డుని. దాన్ని చాసిస్ మేనేజర్ అంటారు. దానికి విడిగా ఒక నెట్‌వర్క్ తీగ ఉంది. "ఎక్కడో ఉన్నవాడు తన సొంత సాఫ్ట్‌వేర్ ఇందులో ఎక్కిస్తాడు, అది హ్యాంగ్ అవుతుంది. అప్పుడేం చేయాలి? ఈ బోర్డుకి చెప్తే చాలు, కరెంటు తీసేసి మళ్ళీ ఇస్తుంది. నిచ్చెన ఎక్కే పని లేదు." అరచేతిలో పట్టే ఆ బోర్డు వల్లే ఈ గది ఊళ్ళో లేనివాళ్ళకి కూడా పనికొస్తోంది.

వాడుకునేవాళ్ళు ఇక్కడికి రానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో సమయం రాయించుకుంటారు. మా గోదావరి కాలువ కింద వంతు నీళ్ళలాగే. వంతు వచ్చినప్పుడు ఈ పెట్టెల గ్రిడ్ మొత్తం వాళ్ళదే. తమ ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కు నకలు పంపిస్తే, అది తీగ మీద ఒక్కసారే పోతుంది, పెట్టెలన్నీ ఒకేసారి అందుకుంటాయి. అలా పంపే సాఫ్ట్‌వేర్ యూటా విశ్వవిద్యాలయం వారి ఎమ్యులాబ్ అనే ప్రయోగశాల నుంచి తెచ్చుకున్నది. ఏ పెట్టె ఏ క్షణాన ఏం చేయాలో కూడా స్క్రిప్టులో రాసి ఉంటుంది. నకలూ స్క్రిప్టూ దాచిపెడితే ఇంకొకరు అవే పెట్టెల మీద అదే ప్రయోగం మళ్ళీ నడపొచ్చు. మా ఎక్స్‌టర్నల్‌కి చెప్పాల్సిన జవాబు ఇదే.

నాకో అనుమానం వచ్చింది. 20 మీటర్ల గదిలో పెట్టెలన్నీ ఒకదాని మాట ఒకటి వింటాయి కదా, దూరాలు ఎలా వస్తాయి? గాలిలోకి కావాలనే రేడియో రొద వదులుతారట. పెళ్ళి ఊరేగింపులో బ్యాండు మోగుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. అలాగే మీటరు దూరంలోని పెట్టె కూడా ఎంతో దూరాన ఉన్నట్టవుతుంది.

ఆర్బిట్ ఒక గది. ఇంటర్నెట్ గదిలో పట్టదు. ఇంటర్నెట్ అంత విస్తృతిలో ప్రయోగాలు చేయించే పనిని 2002లో మొదలైన ప్లానెట్‌ల్యాబ్ ఎత్తుకుంది. విశ్వవిద్యాలయాలు తలా కొన్ని యంత్రాలు ఇచ్చాయి, అవి 1000 దాటాయి. పరిశోధకుడికి ఎన్నో యంత్రాల్లో కొంత కొంత వాటా ఇచ్చేవారు, ఆ వాటాలన్నీ కలిపితే ఒక స్లైస్. ఒకే యంత్రం మీద పదిమంది పనిచేస్తున్నా ఎవరి స్లైస్ వారికి సొంత నెట్‌వర్కులా ఉండేది. తర్వాత వచ్చిన జెని అనే ప్రయోగ నెట్‌వర్క్, క్యాంపస్‌ల మధ్య స్విచ్చులకీ లైన్లకీ ఇదే పద్ధతి తెచ్చింది. 2020లో ప్లానెట్‌ల్యాబ్, 2023లో జెని ముగిశాయి. ఇప్పుడు ఆ పనికి ఫాబ్రిక్ అనే నెట్‌వర్క్ ఉంది.

ఇంత శ్రమ ఎందుకంటే, జనం వాడుతున్న ఇంటర్నెట్‌ని ఆపి కొత్తది ప్రయత్నించలేం. 1983 జనవరి 1న, ఇంటర్నెట్‌కి మూలమైన అర్పానెట్ టీసీపీ/ఐపీ అనే నిబంధనలకి మారింది. నేటికీ అవే నిబంధనలు. వాటిలో ఐపీ చిరునామా రెండు పనులు చేస్తుంది: నువ్వెవరో చెప్తుంది, ఎక్కడున్నావో చెప్తుంది. ఫోను జేబులో పెట్టుకుని తిరిగే మనిషికి ఇది ఇబ్బంది. పేరు వేరు, ఇంటి నంబరు వేరు అన్న పద్ధతిలో మొబిలిటీఫస్ట్ అనే కొత్త నిర్మాణాన్ని 2010 నుంచి విన్‌ల్యాబ్ నాయకత్వంలోనే రూపొందించి, ఆర్బిట్, జెనిల మీద నడిపి చూశారు.

ఇలాంటి ప్రయోగ వేదికల్ని టెస్ట్‌బెడ్‌లు అంటారు. మన దేశంలోనూ వీటికి దారి పడింది. 2022 మే 17న ప్రారంభమైన స్వదేశీ 5జీ టెస్ట్‌బెడ్‌ని సుమారు 220 కోట్ల రూపాయలతో, ఐఐటీ మద్రాస్ నాయకత్వంలో 8 సంస్థలు కట్టాయి. వాటిలో ఐఐటీ హైదరాబాద్ ఒకటి. ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రాజెక్టులు చేయించే మాస్టర్లకి నా విన్నపం: మీ పిల్లల్ని ఒక్కరోజు కందిలోని ఐఐటీ హైదరాబాద్‌కి తీసుకెళ్ళి, టెస్ట్‌బెడ్ చూపించమని అక్కడివాళ్ళని అడగండి. అప్పటిదాకా, వాళ్ళ రిపోర్టుతోపాటు వాళ్ళు వాడిన డిస్కు నకలూ స్క్రిప్టూ కూడా తీసుకుని దాచండి, వచ్చే ఏడాది పిల్లలు దాన్నే మళ్ళీ నడిపి చూస్తారు.