మా అమ్మ గాడిద అయింది!

పేక ముక్క కనబడితే పొయ్యిలో పెట్టే ఇల్లు మాది. కారణం లేకపోలేదు. నా చిన్నప్పుడు నాన్నగారికి పేకాట పిచ్చి ఉండేది. అమ్మ చేతి గాజులు నాలుగూ ఒక్కొక్కటే తాకట్టుకి వెళ్లాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. నాన్నగారు పోయి పదేళ్లయినా అమ్మ ముందు ఎవరం ఆ మాట ఎత్తేవాళ్లం కాదు.

అలాంటిది పోయిన సంక్రాంతికి పుట్టింటికి వెళ్లినప్పుడు ఓ చిత్రం జరిగింది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా, అందరం ఇంట్లోనే ఉన్నాం. గారెలు తినడం అయ్యాక ఎవరి ఫోను వాళ్లు పట్టుకుని తలో మూలా చేరారు. అమ్మ ఒక్కతే అరుగు మీద కూర్చుంది. ఇంతలో కరెంటు పోయింది, ఫోన్లలో చార్జింగూ అయిపోయింది. మా అమ్మాయి హాస్టలు బ్యాగులోంచి పేక తీసి, "గాడిద ఆడదాం రండి" అంది.

నా గుండె గుభేలుమంది. అమ్మ మొహం మాడిపోయింది. "పందెం లేదు అమ్మమ్మా, ఓడినవాళ్లు గాడిద, అంతే!" అంది అది. అమ్మ పలకలేదు గానీ లేచి వెళ్లనూ లేదు.

ఆట ఐదు నిమిషాల్లో వచ్చేస్తుంది. నలుగురైదుగురు ఉంటే చాలు. జోకర్లు తీసేసి 52 ముక్కలూ పంచేయాలి. ఒకరిద్దరికి ఒక ముక్క ఎక్కువ వచ్చినా ఫర్వాలేదు. ఆసు అన్నిటికన్నా పెద్దది, తర్వాత రాజు, రాణి, జాకీ, పది... అలా రెండు దాకా. ఇస్పేటు ఆసు వచ్చినవాళ్లు దాన్ని దించి మొదలుపెడతారు. మిగతావాళ్లు వరసగా ఇస్పేటే వేయాలి. అందరూ వేస్తే ఆ ముక్కలు పక్కన పెట్టేసి, పెద్ద ముక్క వేసినవాళ్లు తమకి నచ్చిన గుర్తుతో మళ్లీ మొదలుపెట్టాలి.

అసలు తమాషా ఇక్కడే. అడిగిన గుర్తు మన దగ్గర లేకపోతే వేరే ముక్కతో కొట్టొచ్చు. అంతటితో ఆ చుట్టు ఆగిపోతుంది. అప్పటికి అడిగిన గుర్తులో పెద్ద ముక్క వేసినవాళ్లు, పాపం, అన్నీ ఎత్తుకుని మళ్లీ ఆడాలి. మొదటి చుట్టులో మాత్రం ఎవరు కొట్టినా ఎత్తుకోనక్కర్లేదు. చేతిలో ముక్కలు అయిపోయినవాళ్లు బయటపడతారు. చివరికి ముక్కలతో మిగిలినవాళ్లే గాడిద!

రెండో ఆటకి అమ్మ మెల్లగా వచ్చి మా వదిన వెనక కూర్చుంది. "ఆ రాజుని ఇప్పుడే వదిలించుకో. అందరి దగ్గరా ఆ గుర్తు ఉండగానే పెద్దవి దించెయ్యాలి. దాచుకుంటే చివర్లో మెడకి చుట్టుకుంటాయి" అంది.

అందరం తెల్లబోయాం. "నీకెలా తెలుసమ్మా?" అన్నాను.

"తెల్లవార్లూ వాళ్లకి టీలు పెట్టిచ్చినదాన్ని. ఆ మాత్రం తెలీదూ?" అంది.

నాకేం మాట్లాడాలో తోచలేదు. మా అమ్మాయే, "అయితే నువ్వూ ఆడాల్సిందే" అని ముక్కలు చేతిలో పెట్టేసింది. తీరా ఆడితే అమ్మే గాడిద అయింది! పిల్లలు చుట్టూ చేరి ఓండ్రపెట్టారు. అమ్మ నవ్వీ నవ్వీ పమిటతో కళ్లు తుడుచుకుంది. "ఓడిపోయినా ఇంట్లోంచి ఏమీ పోలేదే!" అంది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

పండగలకీ పెళ్లిళ్లకీ నలుగురూ కలిసినప్పుడు మీరూ ఈ ఆట ఆడి చూడండి. పదేళ్ల పిల్లల నుంచి డెబ్బై ఏళ్ల పెద్దవాళ్ల దాకా ఆడొచ్చు. షరతు ఒక్కటే, పైసా కూడా పెట్టొద్దు. మా ఇంట్లోనూ మొదట "సరదాకి రూపాయే కదా" అనే మొదలైంది మరి.

ఇప్పుడు ఫోను చేస్తే అమ్మ ముందు అడిగేది ఒకటే. "ఎప్పుడొస్తారు? వచ్చేటప్పుడు పేక మర్చిపోకండి!"