కొండపల్లిలో బండ నిండే చోట

గేటు దగ్గరే జేబులు ఖాళీ చేయించారు. సెల్‌ఫోను, కారు తాళాల రిమోటు, చేతి గడియారం అన్నీ ఒక సంచిలో వేసి టోకెను చేతికిచ్చారు. అగ్గిపెట్టె లేదని చెప్పినా సెక్యూరిటీ మనిషి ఊరుకోలేదు, జేబులు తడిమి చూసుకున్నాకే పక్కకు తప్పుకున్నాడు. నా వెనక నిలబడ్డ లారీ డ్రైవరు ఎవరూ అడగకుండానే బీడీ కట్ట, లైటరు తీసి అదే బల్ల మీద పెట్టాడు. అతని లారీ సైలెన్సరుకు అప్పటికే ఒక ఇనుప తొడుగు బిగిస్తున్నారు. పొగతోపాటు నిప్పురవ్వ బయటికి రాకుండా ఆపే జల్లెడ అది. స్పార్క్ అరెస్టర్ అంటారు. అది లేనిదే ఏ బండీ గేటు దాటదు.

కొండపల్లి అంటే మనకు బొమ్మలు, ఖిల్లా. కానీ విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం మీదుగా, థర్మల్ స్టేషను పొగగొట్టాలను చూసుకుంటూ పారిశ్రామికవాడలోకి తిరిగితే, గ్యాసు లారీల వరసలు కనిపిస్తాయి. చమురు కంపెనీలు వంట గ్యాసును బండల్లో నింపే ప్లాంట్లు ఇక్కడున్నాయి. వాటిలో ఒకదాన్ని చూడటానికి అనుమతి దొరికింది. చుట్టూ తిప్పి చూపించింది ప్లాంటు సేఫ్టీ ఆఫీసరు. నడి వయసు, నూలు చొక్కా, మాటకు ముందు చిన్న నవ్వు. నేను వేసుకున్నదీ నూలు చొక్కాయేనా అని ఆయన ముందే ఫోనులో అడిగి మరీ రమ్మన్నారు. సింథటిక్ బట్ట రాపిడికి స్థిర విద్యుత్తు పుడుతుందట.

లోపలికి వెళ్లగానే పెద్ద పెద్ద గుండ్రటి ట్యాంకులు కనిపిస్తాయనుకున్నాను. కనిపించింది గడ్డి మొలిచిన మట్టి దిబ్బ. ఆ దిబ్బ కిందే ఉన్నాయి గ్యాసు నిలవ చేసే పొడవాటి బుల్లెట్లు. ఇసుక, మట్టి కప్పేస్తే బయట ఎక్కడ నిప్పంటుకున్నా ఆ వేడి ట్యాంకుకు తగలదు. ఈ జాగ్రత్త విలువ తెలియాలంటే మనం దూరం పోనక్కర్లేదు. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్నం రిఫైనరీలో కారిన ఎల్‌పీజీకి నిప్పంటుకుని, నిలవ ట్యాంకులు పేలి, 60 మంది దాకా చనిపోయారు.

ఒక ట్యాంకరు అప్పుడే వచ్చి ఆగింది. గొట్టం తగిలించే ముందు ఒక కార్మికుడు దాని ఒంటికి ఎర్తింగ్ తీగ బిగించాడు. అతని నడుముకు వేలాడుతున్న సుత్తి ఇత్తడిది. ఇనుప సుత్తి ఇనుము మీద పడితే రవ్వ లేస్తుంది, ఇత్తడిది పడితే లేవదు.

ట్యాంకరు తెచ్చింది ప్రొపేను, బ్యూటేను కలిసిన ద్రవం. ప్రొపేను సున్నాకు 42 డిగ్రీల కిందే మరిగిపోతుంది, బ్యూటేను దాదాపు సున్నా దగ్గర. కాబట్టి మన ఎండలకే కాదు, మన చలికి కూడా రెండూ ఆవిరే. ఒత్తిడి పెట్టి ద్రవంగా మార్చారు కాబట్టే అంత గ్యాసు వంటింట్లో ఒక మూల ఒదుగుతోంది. ఒక లీటరు ద్రవం బయటికొస్తే సుమారు 250 లీటర్ల వాయువవుతుంది. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, ప్లాంటులో చూసిన ప్రతి పనీ ఎందుకు చేస్తున్నారో తెలుస్తుంది.

నింపే షెడ్డులో మాట వినపడదు. ఖాళీ బండలు గొలుసు మీద ఒకదాన్నొకటి ఢీకొంటూ వస్తుంటాయి. మొదట ఒక కుర్రాడు ప్రతి బండ మెడ దగ్గరి పట్టీ లోపలి వైపు చూస్తున్నాడు. అక్కడ ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఏ అంటే మార్చి, బీ అంటే జూన్, సీ అంటే సెప్టెంబరు, డీ అంటే డిసెంబరు. సీ-28 అని ఉంటే 2028 సెప్టెంబరు లోపు ఆ బండకు మళ్లీ పరీక్ష జరగాలి. గడువు దాటినవాటిని అక్కడే గొలుసు మీంచి దింపేస్తున్నారు. ఇది ఇంట్లో మనమూ చూసుకోవచ్చు. చూసేవాళ్లు ఎంతమందో నాకు అనుమానమే.

తర్వాత గుండ్రంగా తిరిగే కరోసెల్. దాని చుట్టూ తూకాలు, ఒక్కో తూకం మీద ఒక్కో బండ. ఖాళీ బండలన్నీ ఒకే బరువుండవు. ఒకటి 15.3 కిలోలు, పక్కది 16.1. ఆ బరువు బండ మీదే రాసి ఉంటుంది. కార్మికుడు దాన్ని చదివి మీటలు నొక్కుతాడు, యంత్రం దానికి సరిగ్గా 14.2 కిలోలు కలిసేదాకా పోసి తనంతట తనే ఆగుతుంది. అక్కణ్ణించి మరో తూకం. తేడా వచ్చిన బండ వెనక్కి.

“బండలో ఇంకా చోటుంది కదా, ఎందుకు వదిలేస్తారు?” అని అడిగాను. 14.2 కిలోల బండలో 33.3 లీటర్ల నీళ్లు పడతాయి. గ్యాసు ద్రవం మాత్రం అయిదింట నాలుగు పాళ్ల దగ్గరే ఆపేస్తారు. “మే నెలలో విజయవాడ ఎండ మీకు తెలియందా? లారీ మీద బండ కాలిపోతుంటుంది. వేడికి ద్రవం ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేకపోతే బండనే తోస్తుంది” అన్నారాయన. బండ తొందరగా అయిపోతోందని వేడినీళ్లలో నిలబెట్టేవాళ్లు ఈ మాట వినాలి.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది నీళ్ల తొట్టి దగ్గర. నిండిన బండలు అక్కడ వాల్వుతో సహా మునిగి ముందుకు సాగుతాయి. ఒక కార్మికుడు స్టూలు మీద కూర్చుని నీళ్లలోకే చూస్తుంటాడు, అదే అతని ఉద్యోగం. నాకేమీ కనిపించడం లేదు. అతను వేలు చూపించాక కనిపించింది, ఒక వాల్వు అంచున సన్నటి బుడగ. అది పైకి రాకుండా ఇత్తడికే అంటుకుని కాస్త పెరిగి, అప్పుడు విడిపోయింది. దాని వెనకే ఇంకొకటి. ఆ బండను పక్కకు లాగేశాడు. ఇంట్లో సబ్బు నీళ్లు రాసి చూడమనేది ఈ బుడగ కోసమే. అగ్గిపుల్ల గీసి లీకు చూసే మొనగాళ్లు ఇప్పటికీ ఉన్నారని ఆఫీసరు చెబితే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

వాల్వు లోపల నల్లటి రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. పాడైనదాన్ని ఒకటి నా అరచేతిలో పెట్టారు. గోటితో నొక్కితే బీటలు విచ్చుకున్నాయి. రెగ్యులేటరు పెట్టగానే బుస్సుమనడానికి చాలాసార్లు ఇదే కారణం. అలాంటప్పుడు రెగ్యులేటరు తీసేసి, దారానికి వేలాడే ఆ తెల్ల మూతను వెంటనే వాల్వు మీద నొక్కేస్తే గ్యాసు ఆగిపోతుంది. ఆ మూత ఉన్నది ముఖ్యంగా అందుకే. మన ఇళ్లలో మాత్రం దారం తెంపేసి, మూతను పిల్లలకు ఆటవస్తువుగా ఇచ్చేస్తాం.

గ్యాసు పసిగట్టే పరికరాలెక్కడున్నాయని నేను షెడ్డు కప్పు వైపు చూస్తుంటే ఆఫీసరు కిందికి చూపించారు. అన్నీ మోకాలి ఎత్తు కూడా లేవు.

“ఇది నేలబారు గ్యాసండీ. పైకి పోదు.”

గాలికన్నా ఒకటిన్నర నుంచి రెండు రెట్లు బరువు. కారితే నేల మీద ఒలికిన నీళ్లలా పల్లం వెతుక్కుంటూ పోతుంది. గుమ్మం కిందుగా పక్క గదిలోకి, కాలవలోకి, మెట్ల మీంచి సెల్లారులోకి. గాలిలో దాదాపు 2 శాతం చేరితే చాలు, మండటానికి సిద్ధం. అక్కడే కాగితం తీసుకుని లెక్క వేశాం. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తున్న వంటగది మొత్తం ఆ స్థాయికి రావడానికి రెండు లీటర్ల పైచిలుకు ద్రవం సరిపోతుంది, కిలోంబావు లోపే. కానీ గ్యాసు గదంతా సమానంగా పరుచుకోదు, కిందే ఉంటుంది. కాబట్టి మోకాలి ఎత్తు దాకా ప్రమాదం రావడానికి అంత కూడా అక్కర్లేదు.

అసలు ఈ గ్యాసుకు రంగూ లేదు, వాసనా లేదు. మనకు తెలిసిన ఆ కుళ్లు వాసన ఇథైల్ మెర్‌కాప్టన్‌ది. కావాలనే కలుపుతారు. మండే స్థాయికి చాలా ముందే ముక్కుకు తెలియాలని దాని మోతాదు.

ఇది విన్నాక మా అపార్టుమెంటు వంటిళ్లన్నీ కళ్ల ముందు మెదిలాయి. కిటికీ గట్టు పైన, ఎగ్జాస్టు ఫ్యాను ఇంకా పైన. నేల దగ్గర ఒక్క కన్నం లేదు. పైగా ఇప్పుడు అందరికీ మాడ్యులర్ కిచెన్ మోజు. బండ కనిపిస్తే పరువు తక్కువని గట్టు కింద అరలో పెట్టి, నున్నటి తలుపులు బిగించి మూసేస్తున్నారు. వాల్వు దగ్గర చిన్న లీకున్నా గ్యాసంతా ఆ అరలోనే పోగవుతుంది. లక్షలు పోసి చేయించుకుంటున్న ప్రమాదం ఇది. ఆ తలుపులకు కింది అంచున గాలి ఆడే కన్నాలు పెట్టమని వడ్రంగికి చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మధ్యాహ్నం ఒక డిస్ట్రిబ్యూటరు ఆటోలో ఇబ్రహీంపట్నం వీధుల్లోకి వెళ్లాను. డెలివరీ కుర్రాడు ఒక పెంకుటింటి ముందు ఆగి, బండ భుజాన వేసుకుని లోపలికి నడిచాడు. వంటింట్లో పాత బండ నేల మీద అడ్డంగా పడుంది, రెగ్యులేటరుతో సహా.

“ఏం పిన్నీ, మళ్లీ పడుకోబెట్టావా?”

“రెండు పూటలొచ్చిందయ్యా అట్టా. ఊరికే పోనిస్తానా?”

ఆవిడకు కనెక్షను వచ్చింది దీపం పథకంలో. 1999లో ఉమ్మడి రాష్ట్రంలో ఆ పథకం మొదలైనప్పుడు డ్వాక్రా గ్రూపులో ఉన్నారట. అంతకుముందు కట్టెల పొయ్యి. డబ్బు విలువ తెలిసిన మనిషి, చివరి చుక్క దాకా వాడుకోవాలనుకోవడంలో తప్పేముంది? కానీ బండ నిలబడి ఉన్నప్పుడు వాల్వులోకి వచ్చేది ఆవిరి. పడుకోబెడితే ద్రవమే వస్తుంది. లోపలి ఒత్తిడిని తగ్గించి మెల్లగా వదిలే రెగ్యులేటరు ఆవిరి కోసం చేసింది, ద్రవం కోసం కాదు. ఆ ద్రవం బర్నరు దాకా చేరితే అక్కడ 250 రెట్లవుతుంది. ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే తడిగుడ్డతో బండను తుడిస్తే చాలు. లోపల ద్రవం ఉన్న మేర తడి ఆలస్యంగా ఆరుతుంది. కుర్రాడు ఈ కిటుకు చెబితే పిన్ని “ముందే చెప్పొద్దూ!” అని కసిరింది.

కొత్త బండను కొక్కెం తూకానికి తగిలించాడు. ఖాళీ బరువు 15.6 అని రాసుంది, తూకం 29.8 చూపించింది. ఈ తూకం అడగటం వినియోగదారుడి హక్కు, అడిగితే కాదనకూడదు. తర్వాత మూత తీయబోయి ఆగాడు. మూలన దేవుడి అరలో దీపం వెలుగుతోంది.

“దీపం కొండెక్కించు పిన్నీ, బండ మార్చాలి.”

“శుక్రవారం పూటా? వసారాలో పెడతానుండు” అంటూ ప్రమిదను రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచిందామె. ఆమె తిరిగొచ్చేదాకా అతను బండ ముట్టుకోలేదు. వంటిల్లే దేవుడి గది అయిన ఇళ్లు మనలో లక్షలున్నాయి. బండ మార్చేటప్పుడు పొయ్యితోపాటు దీపం, అగరొత్తీ కూడా గుర్తుకు రావాలి.

ఆమె స్టవ్వుకున్న ట్యూబు పాత ఆకుపచ్చది, అంచున పగిలింది. కుర్రాడు దాన్ని వంచి చూపించాడు. ఇప్పుడు వాడాల్సింది లోపల తీగ అల్లిక ఉన్న నారింజ రంగు సురక్షా ట్యూబు. మీటరున్నర మించకూడదు, గోడలోంచి లాగకూడదు, అయిదేళ్లకు మార్చేయాలి. సాయంత్రం తెచ్చి బిగిస్తానని, అప్పటిదాకా పొయ్యి వెలిగించొద్దని చెప్పి మూత తిరిగి పెట్టేశాడు. పిన్ని సణిగింది కానీ ఒప్పుకుంది.

అంతకుముందు ప్లాంటు నుంచి బయల్దేరేటప్పుడు ఆఫీసరును ఒకటే అడిగాను, అర్ధరాత్రి వాసనొస్తే ఏం చేయాలని. ఆయన జవాబు తడుముకోకుండా వచ్చింది. ముందు రెగ్యులేటరు కట్టేయండి. తలుపులు, కిటికీలు తెరవండి. ఏ స్విచ్చీ వేయొద్దు, వేసి ఉన్నది ఆపొద్దు, రెండిటికీ రవ్వ పుడుతుంది. ఎగ్జాస్టు ఫ్యాను జోలికి అసలే పోవద్దు. ఇంట్లోవాళ్లందరితో బయటికి వచ్చేసి, అక్కడ నిలబడి 1906కు ఫోను చేయండి. అది 24 గంటలూ పనిచేస్తుంది. నిప్పంటుకుంటే 101. “సగం కేసులు రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టేస్తే అసలు రావండీ” అని కూడా అన్నారు. సగం అన్నది ఆయన అనుభవంలోంచి వచ్చిన అంచనా, లెక్క కాదు. పాలు పొంగి మంట ఆరిపోతే గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుందని, పొయ్యి మీద ఏదో పెట్టి సీరియల్ ముందు కూర్చోవద్దని మా ఇంటావిడకు చెప్పమన్నారు. మా ఇంట్లో పాలు కాచేది నేనే.

చదివేవాళ్లకు ఒక చిన్న పని. ఓసారి వంటింట్లోకి వెళ్లి మీ స్టవ్వు ట్యూబు మీద ముద్రించిన సంవత్సరం చూడండి. అయిదేళ్లు దాటినా, సంవత్సరమే కనిపించకుండా చెరిగిపోయినా, రేపే డిస్ట్రిబ్యూటరుకు ఫోను చేసి కొత్తది తెప్పించుకోండి.